పాటిగడ్డ నీడ

పెద్దసారు పోయారన్న కబురు నాకు బస్సు కండక్టరు చెప్పాడు. సెలవులే అయినా వానలకు ముందు బడి కప్పు సర్దించాలి కదా అని నేను కూలివాళ్లకు గూనపెంకలు అందిస్తున్నాను. తిరుమలగిరి బస్సు మా బడి ముందు ఎప్పుడూ ఆగదు. ఆ రోజు ఆగింది. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "సారూ, మీ పాత హెడ్‌మాస్టరు పాలమూరుల పానం ఇడిసిండట. నిన్న పొద్దుగూకంగ. మీకు జెప్పుమన్నరు" అన్నాడు. గంట కొట్టాడు. బస్సు పోయింది. నేను చేతిలో పెంకతో ఆ దుమ్ములోనే నిలబడిపోయాను.

ముందు నాకు దుఃఖం రాలేదు. కంగారు వచ్చింది. రోహిణి ఎండలు ముదిరి, పడమట మబ్బు కడుతున్న రోజులివి. ఈ రోజుల్లో ఏటా ఎవరో ఒకరి నోట ఆయన అడిగిన మాట మా ఊరికి వచ్చేది. "పైనుంచే తీస్తాండ్రా?" అవునని నేను చెప్పి పంపేవాణ్ణి. ఆ జవాబు ముట్టేదాకా ఆయనకు అన్నం సహించేది కాదట. ఈ ఏడు ఆ మాట ఇంకా రాలేదేమా అని నేను కొన్నాళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. అడిగే మనిషి ఇక లేడు కాబట్టి వెళ్లి చూడవలసింది నేనేనని తట్టింది. కూలివాళ్లను అట్లాగే వదిలేసి సైకిలెక్కి పాటిగడ్డ వైపు తొక్కాను. తొక్కుతుంటే ఏడుపు వచ్చింది.

పాటిగడ్డ అంటే తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఎప్పుడో మనుషులు కాపురమున్న ఊరు కూలి, గోడలు మన్నయి, పొయ్యిలు బూడిదయి, దాని మీద మరో ఊరు లేచి, అదీ కూలి, అట్లా పేరుకున్న దిబ్బను మా వైపు పాటిగడ్డ అంటారు. ఆ మన్నులో సత్తువ ఉంటుంది. ఎండాకాలం చివర రైతులు బండ్లు కట్టుకొని పోయి, ఆ మన్ను తవ్వి తెచ్చి చెలకల్లో చల్లుకుంటారు. పశువులు తక్కువై పెంట చాలనివాళ్లకు అదే ఎరువు. మా తాత చల్లాడు, మా నాయిన చల్లాడు. మా ఎర్ర చెలకలో జొన్న మనిషెత్తు లేచిందంటే అది పాటిమన్ను చలవే. ఊరికి తూర్పున వాగు ఒడ్డున ఉన్న ఆ దిబ్బ మాకు అన్నాళ్లూ ఎరువుగుట్ట మాత్రమే. అది ఒక ఊరని మాకు చెప్పింది పెద్దసారు.

తెలుగువాళ్లందరికీ కలిపి కొత్త రాష్ట్రం ఏర్పడిన రోజుల్లో ఆయన రామన్నపేట నుంచి బదిలీ మీద మా బడికి వచ్చారు. పుట్టిల్లు పాలమూరు జిల్లా. ఉర్దూలో చదువుకొని తెలుగులో పాఠం చెప్పిన తరం మనిషి. బక్క పలుచటి ఒళ్లు, వెలిసిపోయిన నల్ల షేర్వానీ, చంకలో గొడుగు. ఎండైనా మబ్బైనా ఆ గొడుగు ఉండాల్సిందే. నేను ఈ ఊరివాణ్ణే, అప్పుడే ఈ బడిలో రెండో పంతులుగా చేరాను. ఆయన వట్టి భయస్థుడని నాకు మొదటి రోజే తెలిసిపోయింది. బడికి తాళం వేసి, సగం దూరం నడిచి, "తాళమేసిన్నా?" అని నన్ను అడిగేవారు.

"ఏసిండ్రు సార్. నేను గుంజి జూసిన" అంటే, "నువ్వు జూసినవ్ సరే, నా చెయ్యి జూడాలె గద" అని మళ్లీ వెనక్కి పోయేవారు. నాకు ఒళ్లు మండేది. ఆకలి మీద ఉన్నవాడికి ఇట్లాంటి మనిషితో ఇంటికి నడవడం ఎంత కష్టమో అనుభవిస్తేనే తెలుస్తుంది.

ఆయనకు సంతోషమంటూ ఉంటే అది దిబ్బలను గుర్తుపట్టడంలోనే. ఆదివారం తెల్లవారగానే సైకిలు తీసి, నన్నూ లేవదీసేవారు. పొద్దు కింద ఉన్నప్పుడే బయలుదేరాలి. మధ్యాహ్నం ఎండలో నేలంతా ఒకటే చదునుగా కనిపిస్తుందట, పొద్దున్నయితే చిన్న ఎత్తుకు కూడా నీడ పడుతుందట. దారిలో ఎక్కడ నేల కొంచెం ఉబ్బినట్టు కనిపించినా సైకిలు దిగి, గొడుగుతో చూపించి, "గీ ఎత్తు ఎట్లొచ్చె?" అని అడిగేవారు. బడిలో పిల్లలను లెక్క అడిగినట్టే అడిగేవారు. జవాబు నేనే చెప్పాలి. చుట్టూ ఎర్రమన్నుండి ఆ ఎత్తు మీద మాత్రం బూడిదరంగు మన్నుందా? వేళ్ల మధ్య నలిపితే మెత్తగా పొడి అంటుతుందా? పైన ఎరుపు, లోపల నలుపు ఉన్న కుండపెంకలు ఏరితే దొరుకుతున్నాయా? పందికొక్కు తోడిపోసిన మన్నులో ఏమైనా ఎముక ఉందా? ఇవన్నీ చూశాకే నోరు విప్పాలి.

చీమలపుట్టలంటే ఆయనకు మరీ గురి. ఒకసారి వాగు ఒడ్డున పుట్ట పక్కన గొంతుక్కూర్చొని, చీమలు బయటికి తెచ్చి పోసిన ఇసుకలోంచి ఆవగింజంత పూసను వేలికొన మీదికి తీశారు. ఎర్రటి పూస, దానికి సన్నటి బెజ్జం. "చీమలు మనకంటె మంచి పంతుళ్లయ్యా. లోపటిది బయటికి దెచ్చి సూపెడ్తయి, ఒక్క మాట గూడ మాట్లాడవు" అన్నారు. ఆ పూసను చాలాసేపు చూసి, మళ్లీ పుట్ట పక్కనే పెట్టి లేచారు. ఇంటికి తెచ్చుకోవచ్చు కదా అంటే, "ఎవలదో మెడలది. దీస్కపోయి నేనేం జేస్త?" అన్నారు.

పొరపాట్లూ చేశారు. తిరుమలగిరి దారిలో ఒక దిబ్బను చూసి మూడు ఆదివారాలు తిరిగాం. కాలిన మన్ను, బూడిద, ఇటుక ముక్కలు, ఏది కావాలంటే అది ఉంది. ఇది పెద్ద ఊరేనని ఆయన ముఖం వెలిగిపోతుంటే, గొర్లు తోలుకొచ్చిన ముసలాయన ఒకడు కట్టె మీద గడ్డం ఆనించి మమ్మల్ని చాలాసేపు చూసి, "మా నాయిన గీన్నే ఇటుకబట్టి వెట్టిండు సారూ, దొర గడి గట్టినప్పుడు" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. పెద్దసారు కూడా నవ్వారు గానీ, ఇంటికి వస్తున్నంతసేపూ ఆయనకు దిగులే. "నేను బట్టీని ఊరనుకున్న సరే. ఊరును బట్టీ అనుకొని ఇడిసిపెట్టి వచ్చిన జాగలెన్నో?" అన్నారు. ఆ తర్వాత ఎక్కడికి పోయినా ముందు ఊళ్లో పెద్దవాళ్లను అడిగాకే దిబ్బ ఎక్కేవారు. ఆయన ఇల్లాలిని మేం అమ్మ అనేవాళ్లం. ఆమె నాకు చాయ పోస్తూ, "నిద్దట్ల గూడ గదే పలవరింత బిడ్డా. లేశి కూసొని, గీ ఎత్తు ఎట్లొచ్చెనే అని నన్నడుగుతడు. ఏమని జెప్పాలె?" అని మొత్తుకునేది.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న కాలమది. మునిగిపోయే లోయలో పాతకాలపు కట్టడాలు తవ్వి తీస్తున్నారని విని, ఒక సెలవుకు ఆయన నందికొండ పోయి వచ్చారు. ఎంతో చెబుతారని నేను ఎదురుచూస్తే, వచ్చి వరండాలో గొడుగు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. "నీళ్లొస్తయట. గాడ మొత్తం మునుగుతదట. ఎంతమంది పని జేస్తాండ్రో, అయినా ఒడువదట" అన్నారు. మా పాటిగడ్డ గురించి అక్కడివాళ్లకు చెప్పారట. ఆ పెద్దమనుషులు మర్యాదగానే విన్నారట. ముందు నీళ్లొచ్చే చోటు చూసుకోవాలి, తర్వాత మీ ఊరొస్తాం, అప్పటిదాకా జాగ్రత్తగా కాపాడండి అన్నారట. కాపాడండి అన్న ఆ ఒక్క మాట చాలు ఆయనకు. ఆ రోజు మొదలు ఆయన కంటిమీద కునుకు లేదు.

కాపాడవలసింది ముఖ్యంగా దిబ్బ నెత్తిన ఉన్న గోడ. వాన పడినప్పుడల్లా మన్ను కొట్టుకపోయి, అక్కడ ఇటుకల వరస ఒకటి బయటపడుతూ వచ్చింది. ఒక్కో ఇటుక మూరెడు పొడుగు. మావాళ్లు వాటిని రాకాసి ఇటుకలనేవాళ్లు. పెద్దసారు దాని చుట్టూ కంప నాటి, దినాం సాయంత్రం వెళ్లి చూసుకొని వచ్చేవారు. కానీ ఎండాకాలం వస్తే దిబ్బ మీద బండ్లు బారులు తీరేవి. మా అన్న బండి అందరికంటే ముందుండేది.

అన్నతో, మిగతా రైతులతో ఆయన మాట్లాడిన రోజు నేనూ ఉన్నాను. మన్ను తీయొద్దని ఆయన అనలేదు. ఎట్లా అంటారు? "మీ చేన్లకు ఎరువు గావాలె, నాకెర్కే. మన్ను దీస్కపోండ్రి. గని మీద ముట్టకుండ్రి. పక్కనుంచి దియ్యిండ్రి. గా గోడ జూసెటోళ్లు వచ్చెదాక జర ఓపిక వట్టుండ్రి" అని చేతులు జోడించారు. హెడ్‌మాస్టరు చేతులు జోడిస్తే కాదనేవాళ్లెవరు? అన్న కూడా, "గదెంత పని సారూ, పక్కనుంచే దీస్తం" అన్నాడు. తవ్వేవాళ్లకూ అదే సుఖమైంది. పైకెక్కే పని లేదు, బండి దిబ్బకు ఆనించి నిలబెట్టి పారతో లాగితే మన్ను నేరుగా బండిలో పడుతుంది.

అట్లా కొన్ని ఎండాకాలాలు గడిచాయి. పక్కనుంచి తవ్వీ తవ్వీ దిబ్బ పొట్ట లోపలికి పోయింది. పైభాగం చూరులాగా ముందుకు మిగిలింది. దాని కింద చల్లని నీడ. ఆ వాగు ఒడ్డున ఒక్క చెట్టు నీడ కూడా లేదు. తవ్వేవాళ్లు ఎడ్లను అక్కడే కట్టేసేవాళ్లు, సద్దులు అక్కడే విప్పేవాళ్లు, ఆడవాళ్లు చంటిపిల్లలను అక్కడే పడుకోబెట్టేవాళ్లు. పాటిగడ్డ కింద పండుకుంటే పానం లేచివస్తదని చెప్పుకునేవాళ్లు.

ఆ నీడను చూసి పెద్దసారుకు భయం పట్టుకుంది. ఇది పడుతుంది, కింద కూర్చోవద్దు అని చెప్పడం మొదలుపెట్టారు. ఒక ఏడు చెప్పారు, మరో ఏడు చెప్పారు. అది పడలేదు. పాటిమన్ను గట్టిగా కరచుకొని ఉంటుంది, అంత తొందరగా రాలదు. దాంతో మావాళ్లకు ఆయన మాట మీద అనుమానం వచ్చింది. గోడ కోసమే ఈయన మమ్మల్ని బెదిరిస్తున్నాడు, మెల్లగా మన్ను కూడా మాన్పిస్తాడు అనుకున్నారు. నేనూ సగం అట్లాగే అనుకున్నాను. తాళం మళ్లీ మళ్లీ గుంజి చూసే మనిషి కదా, చూరు పడుతుందంటే ఎవరు నమ్ముతారు?

ఆ దినం మృగశిర రేపో మాపో అన్నట్టుంది. ముందురోజు చిన్న జల్లు పడింది. పెద్ద వాన రాకముందే ఆఖరి బండ్లు తోలుకోవాలని అందరికీ తొందర. కంప మళ్లీ నాటాలని పెద్దసారు గడ్డపార తెచ్చుకున్నారు, నేను తోడు వెళ్లాను. నెత్తి మీదికి ఎక్కేసరికి గోడ వెనక నేల మీద నెర్రె కనిపించింది. మొన్నటిదాకా అది గీతంత ఉండేది. పెద్దసారు గొడుగు కొన అందులో పెట్టి నొక్కారు. గొడుగు దిగుతూ పోయింది. పిడి దాకా దిగింది. ఆయన నా ముఖం చూశారు.

కింద నవ్వులు వినిపిస్తున్నాయి. ఆయన వంగి అరిచారు. "బయటికి రాండ్రి! నెర్రె వాసింది! ఎడ్లనిప్పుకొని బయటికి రాండ్రి!"

కిందినుంచి అన్న గొంతు వచ్చింది. "పోయినేడు గూడ గిదే అంటిరి సారూ! ఆ ముందటేడు గూడ గిదే! గీ బండి నింపుకొని పోతం, మీ ఇటుకలు మీకే ఉంటయి తియ్యి!" అందరూ నవ్వారు.

నేను పడుతూ లేస్తూ కిందికి ఉరికాను. అన్న లోపలిగోడ దగ్గర మన్ను లాగుతున్నాడు. బండి కింద చీర ఉయ్యాల కట్టి వదిన పిల్లను పండబెట్టింది. నేను ఏం చెప్పానో నాకే గుర్తులేదు. అన్న పార ఆపకుండా, "నువ్వు గూడ ఆయన పాటే పాడవడ్తివి" అన్నాడు. వదిన ఉయ్యాల వైపు చూసి, "ఇప్పుడే కండ్లు మూసింది మర్దీ, లేపితె ఇగ ఆగది. జరసేపుండు" అంది. ఆమె చెయ్యి పట్టి గుంజలేను, అన్న చేతిలో పార లాక్కోలేను. చూరు వైపు తలెత్తి చూడ్డానికి కూడా భయమేసింది.

అప్పుడు నీడ అంచుకు అవతల, ఎండలో, ఇటుక ఒకటి వచ్చి పడింది. రాకాసి ఇటుక. పడి రెండు ముక్కలైంది. దాని వెనకే మరొకటి. అన్న పార ఆపాడు. ఇంకొకటి. అన్న ఎండలోకి వచ్చి తలెత్తి పైకి చూశాడు, నేనూ చూశాను. పెద్దసారు నెర్రెకు ఇవతల కాళ్లు పెట్టి, వంగి, గడ్డపారతో ఆ గోడను పొడుస్తున్నారు. ఎన్నో ఏళ్లు కంప నాటి కాపాడిన గోడను ఒక్కో ఇటుకా ఊడబెరికి కిందికి తోస్తున్నారు. ముఖం మీది చెమటో కన్నీళ్లో కిందినుంచి నాకు తెలియలేదు.

"సారు ఇటుకలు వీకుతాండు" అన్నాడు అన్న మెల్లగా. మరుక్షణం వెనక్కి తిరిగి బొబ్బ పెట్టాడు. "లేవుండ్రి! అందరు లేవుండ్రి! ఎడ్లనిప్పుండ్రి! పిల్లనందుకోయే!" ఆయన వేలసార్లు చెప్పినా కదలనివాళ్లు ఆ ఇటుకలను చూసి కదిలారు. వదిన ఉయ్యాలలోంచి పిల్లను ఎత్తుకొని ఉరికింది. చీర ఉయ్యాల తెంపి పడేసి, బండిని మనుషులే ఈడ్చుకొచ్చారు. పెద్దసారు దిగివచ్చి, లోపల ఎవరూ లేరని తానే తొంగిచూసి, మళ్లీ వెళ్లి చూసి, వచ్చి ఎండలో కూర్చున్నారు.

చూరు పడలేదు.

అందరం ఎండలో నిలబడి దాని వైపు చూస్తూ ఉన్నాం. పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. కొంతసేపటికి ఎవరో గొణిగారు, సారుకు మతి చలించిందని. ఒకరిద్దరు మళ్లీ లోపలికి పోతామన్నారు. అన్న వాళ్లకు అడ్డం నిలబడి, "పోతె నన్ను దాటి పోవాలె" అన్నాడు. ఇంతలో మబ్బు కమ్మి వాన మొదలైంది. తడుస్తూ అందరం ఇళ్లకు పోయాం. ఆ రాత్రంతా వాన కురిసింది.

తెల్లవారి వెళ్లి చూస్తే నీడ లేదు. చూరు మొత్తం దిగిపోయి, బండి నిలబడ్డ చోట బండి కంటే ఎత్తు మన్ను పడి ఉంది. సగం తిన్న సద్దిమూట, ఎవరిదో పార, ఉయ్యాల కట్టిన చీర, అన్నీ దాని కిందే. వదిన పిల్లను చంకలో పెట్టుకొని వచ్చి, చూసి, అక్కడే కూలబడింది. అన్న నెమ్మదిగా వెళ్లి పెద్దసారు కాళ్లకు మొక్కబోయాడు. ఆయన తేలుకుట్టినట్టు వెనక్కి జరిగారు.

"నా కాళ్లు మొక్కకయ్యా. పక్కనుంచి దియ్యుమన్నది ఎవలు? నేను. మీద ముట్టకుండ్రన్నది నేను. గా నీడ జేసింది నేనే" అన్నారు. అని, అంతమంది ముందు, షేర్వానీ అంచు ముఖానికి అడ్డం పెట్టుకొని ఏడ్చారు. ఆయన అట్లా ఏడవడం నేను అదొక్కసారే చూశాను. అప్పటిదాకా ఆయన మీద ఉన్న నా చిరాకంతా ఆ ఏడుపులో కొట్టుకపోయింది.

తర్వాత ఆయన ఊళ్లోవాళ్లను కూర్చోబెట్టి కొత్త పద్ధతి చెప్పారు. ఇక పక్కనుంచి వద్దు, పైనుంచి తీయాలి, మెట్లు మెట్లుగా దిగాలి, మీది మెట్టు తీశాకే కింది మెట్టుకు రావాలి. దిబ్బ నెత్తి పోతుంది కదా సార్ అని నేనంటే, "పోనీ. ఊరు సచ్చిపోయి ఎంత కాలమైందో. బతికున్న ఊరును దాని కిందేసి నేనేం గాపాడుత?" అన్నారు. ఒక్కో మెట్టు తీస్తున్నప్పుడు ఆయన గట్టు మీద కూర్చొని, వచ్చిన కుండపెంకలు చూసి పక్కన పెట్టేవారు. ఆ పెంకలను చూస్తున్నంతసేపూ ఆయన ముఖంలో ఆ పాత ఆదివారాల వెలుగు ఉండేది. కన్ను మాత్రం తవ్వేవాళ్ల మీదే.

కొన్నేళ్లకు నిజంగానే ఒక జీపు వచ్చింది. దిగిన ఇద్దరు పెద్దమనుషులు దిబ్బంతా తిరిగి, పెంకలు ఏరి, ముఖాలు చూసుకున్నారు. "ఇక్కడ ఇటుకల గోడ ఉందన్నారే?" అని ఒకాయన అడిగాడు.

"ఉండె. నేనే కూలగొట్టిన" అన్నారు పెద్దసారు.

ఆ ఇద్దరూ ఆయనను నేరస్థుణ్ణి చూసినట్టు చూశారు. జరిగింది చెప్పబోయాను. పెద్దసారు నా చెయ్యి నొక్కి, "సార్లకు చాయ దెప్పియ్యి" అన్నారు. వాళ్లు చాయ తాగి, నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఎందుకు చెప్పనివ్వలేదని నేను దారి పొడుగునా తగువాడాను. "జెప్తె ఏమైతది? గోడ లేస్తదా?" అన్నారు. కొంత దూరం నడిచాక ఆగి, "బడికి తాళమేసిన్నా?" అని అడిగారు.

తర్వాత ఆయనకు పాలమూరు వైపు బదిలీ అయింది, అక్కడే రిటైరయ్యారు. పోయినేడు నేను చూడబోయినప్పుడు మంచం మీద ఉన్నారు. మాట సన్నబడింది. కృష్ణ నీళ్లు ఆనకట్టలో నిండాయని, మా జిల్లాలో కాలువలకు వదిలారని చెప్పాను. విన్నారు. ఆ లోయ గురించి అడుగుతారనుకున్నాను. అడగలేదు. "మీ అన్న బిడ్డ మంచిగున్నదా?" అని అడిగారు. ఉంది, బడికి పోతాంది అన్నాను. తృప్తిగా కళ్లు మూసుకొని, అంతలోనే తెరిచి, "పైనుంచే తీస్తాండ్రా?" అన్నారు. అమ్మ నా వైపు చూసి తల ఊపింది. అవును సార్, పైనుంచే అన్నాను. మళ్లీ అడిగారు. మళ్లీ చెప్పాను. ఆ పూట ఎన్నిసార్లు అడిగినా నాకు విసుగు రాలేదు.

కబురు తెలిసిన ఆ రోజు నేను సైకిలు మీద పాటిగడ్డ చేరేసరికి పొద్దు నడినెత్తి దాటింది. సైకిలు దిగకముందే పైకి చూశాను. మెట్లు సాఫుగా ఉన్నాయి, ఎక్కడా చూరు లేదు. దిబ్బ ఇప్పుడు బాగా కరిగింది. సగానికి పైగా మా చేన్లలోకి పోయింది. అన్న పైమెట్టు మీద పార పట్టుకొని ఉన్నాడు. నేను పిలిచిన తీరుకే అతనికి ఏదో అర్థమైంది. దిగివచ్చి, సంగతి విని, తలకు చుట్టిన రుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. మిగతావాళ్లకు చెప్పాం. ఆ పూటకు పని ఆపేశారు.

సద్దులు పెట్టుకున్న చోటు దిబ్బకు చాలా దూరం, నడి ఎండలో ఉంది. నేనూ వాళ్లతో కూర్చున్నాను. అందరం దిబ్బ వైపు ముఖం పెట్టి కూర్చున్నాం. చూరు పడ్డ ఏటినుంచి మావాళ్లు అక్కడ అట్లాగే కూర్చుంటున్నారు. అన్న బిడ్డ, ఆ రోజు ఉయ్యాలలో పండుకున్న పిల్లే, చేతిలో ముద్ద పట్టుకొని, "గాడ నీడున్నది గద బాపూ, ఎండల ఎందుకు?" అని అడిగింది. అన్న గిన్నె దగ్గరికి జరిపి, ఇంత పప్పు వేసి, తినమన్నాడు.

పొద్దు వాలుతున్నకొద్దీ దిబ్బ నీడ నేల మీద మెల్లగా మా వైపు సాగి వచ్చింది. అది పిల్ల కాలివేళ్లను తాకబోతుంటే, అన్న ఆమెను రెక్క పట్టి తన దగ్గరికి లాక్కొని వెనక్కి జరిగాడు. వదిన జరిగింది. గిన్నెలు జరుపుకొని నేనూ జరిగాను.